నీరటి లేని చెరువులు: హైదరాబాద్‌లో ప్రభుత్వ భూముల రక్షణ నిధులు ఎక్కడ ఆగిపోతున్నాయి

హైదరాబాద్‌లో ఏ చెరువు కట్ట ఎక్కినా ముందు శిలాఫలకం ఎదురవుతుంది. పని పేరు, అంచనా విలువ, శంకుస్థాపన తేదీ, చేసినవారి పేర్లు హోదాల వరుసలో చెక్కి ఉంటాయి. దాని వెనక టైల్స్ పరిచిన నడకబాట, ఓపెన్ జిమ్, కొన్నాళ్లు వెలిగి ఆరిపోయిన సోలార్ దీపాలు. కాస్త ముందుకెళితే తూము. షట్టర్ తిప్పే చక్రం తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటుంది. దానికి గ్రీజు పెట్టాల్సిన మనిషి పేరు ఏ ఫలకం మీదా ఉండదు, ఎందుకంటే ఇప్పుడు ఆ పని ఎవరిదీ కాదు.

ఒకప్పుడు అది నీరటి పని. తూము ఎప్పుడు ఎత్తాలి, మత్తడి (నిండిన నీరు పొర్లిపోయే అలుగు) ఎప్పుడు దూకుతుంది, కట్టలో ఎలుక బొరియ ఎక్కడ పడింది, అడుగున ఊట తేటగా వస్తోందా, మట్టి కలిసి వస్తోందా అన్నది చూసుకోవడమే ఆయన కొలువు. ఊట నీరు తేటగా ఉన్నంతకాలం భయం లేదు. బురదగా మారిందంటే కట్ట లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం. ఈ కాపలాకు ప్రతిఫలం కళ్లంలో గింజలు, కొన్నిచోట్ల ఇనాం భూమి. పంట కోతనాడు అందేదే తప్ప బడ్జెట్లో కోత పడేది కాదు. కాలక్రమంలో ఆ కొలువు గ్రామ రెవెన్యూ సహాయకుల వ్యవస్థలో కలిసింది. 2023లో ఆ సహాయకులను కూడా వేర్వేరు శాఖల్లో సర్దేశారు. నగరం మింగేసిన ఊళ్లలో అయితే నీరటి అంతకు చాలా ముందే కనుమరుగయ్యాడు.

చెరువులు, అడవులు, ప్రభుత్వ స్థలాల రక్షణ గురించి మాట్లాడినప్పుడల్లా నిధుల్లేవు అన్న మాట వినిపిస్తుంది. అది సగమే నిజం. కట్టడానికి, తవ్వడానికి, నాటడానికి డబ్బు ఏదో ఒక దారిన వస్తూనే ఉంది. కట్టినదాన్ని కాపాడటానికి, నాటినదానికి నీళ్లు పోయడానికి, హద్దు రాయి కదలకుండా చూడటానికే పద్దు లేదు.

దీనికి మూలం నిధులిచ్చే పథకాల నిబంధనల్లోనే ఉంది. రాష్ట్రాలకు కేంద్రం 2020–21 నుంచి ఇస్తున్న 50 ఏళ్ల వడ్డీలేని రుణం మూలధన వ్యయానికి మాత్రమే. కొత్త కట్టడం కనిపించాలి. వాచ్‌మన్ జీతం అందులో రాయడానికి వీల్లేదు. 2021 అక్టోబరులో మొదలైన కేంద్ర పట్టణ పథకం అమృత్ 2.0లో చెరువుల పునరుద్ధరణకు చోటుంది. కానీ జనాభా 10 లక్షలు దాటిన నగరాలకు కేంద్రం ఇచ్చేది ప్రాజెక్టు విలువలో 25 శాతమే. లక్ష నుంచి 10 లక్షల మధ్య పట్టణాలకు మూడో వంతు, లక్షలోపు పట్టణాలకు సగం ఇస్తుంది. ఆ వాటా కూడా 20, 40, 40 శాతం చొప్పున మూడు విడతల్లో వస్తుంది. మిగిలినది రాష్ట్రమో నగరపాలక సంస్థో పెట్టుకోవాలి. 15వ ఆర్థిక సంఘం పది లక్షలు దాటిన నగరాలకు 2021–26 కాలానికి దేశం మొత్తమ్మీద రూ.38,196 కోట్లు కేటాయించింది. గాలి నాణ్యత, నీరు, పారిశుద్ధ్యం కొలమానాల్లో చూపిన ఫలితాన్ని బట్టి పంచే సొమ్ము అది. ఫలితం చూపించాలంటే ఫొటో తీయదగిన పని ఒకటి ఉండాలి కదా. గండి పడకుండా కాచిన కట్టకు ఫొటో ఎవరు తీస్తారు?

ఒక చెరువు, ఎనిమిది దఫ్తర్లు

నిర్వహణ పద్దు ఎక్కడా నిలవకపోవడానికి ఇంకో కారణం, చెరువు ముక్కలు ముక్కలుగా వేర్వేరు శాఖల చేతుల్లో ఉండటం. అడుగున ఉన్న భూమి రెవెన్యూది. కట్ట, తూము, మత్తడి, నీటిమట్టం లెక్క నీటిపారుదల శాఖది. హద్దులు నోటిఫై చేసేది హెచ్ఎండీఏ (మహానగరాభివృద్ధి సంస్థ) ఆధ్వర్యంలోని చెరువుల పరిరక్షణ కమిటీ. నడకబాట, పార్కు, కంచె జీహెచ్ఎంసీ లేక్స్ విభాగం చూస్తుంది. దోమలు ఎంటమాలజీవి, గుర్రపు డెక్క కూడా చాలాచోట్ల వాళ్ల నెత్తినే పడుతుంది. లోపలికొచ్చే మురుగు జలమండలిది. నీటి నమూనాలు కాలుష్య నియంత్రణ మండలి తీసుకుంటుంది. 2024 జులైలో వచ్చిన హైడ్రాది కబ్జాలు తొలగించే బాధ్యత. చేపల సొసైటీకి మత్స్యశాఖ వేరే ఉంది.

ఎవరి బడ్జెట్లో చూసినా ఆ చెరువు పేరు ఒక పని కింద కనిపిస్తుంది. చెరువు మొత్తానికి ఏడాదికి ఎంత ఖర్చవుతోందని అడిగితే జవాబిచ్చే ఖాతా ఒక్కటీ లేదు. ఇన్‌లెట్ దగ్గర చెత్త జాలీ మూసుకుపోయిందనుకుందాం. జాలీ పెట్టించింది ఒకరు, నాలా ఇంకొకరిది, నాలాలో చెత్త మరొకరిది. వర్షం పడిన రాత్రి ఫోను ఎవరికి చేయాలో కాలనీవాళ్లకే కాదు, కింది స్థాయి ఇంజినీర్లకూ తేలదు.

ఒక్క అడుగు ఎత్తు, అరవై మీటర్ల ఒడ్డు

రక్షణ అంతా ఎఫ్‌టీఎల్ అనే ఒక్క గీత మీద ఆధారపడి ఉంది. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు ఎంతవరకు పరచుకుంటుందో అదే ఎఫ్‌టీఎల్. దాన్ని నిర్ణయించేది మత్తడి పైఅంచు ఎత్తు. సర్వే బృందం ఆ అంచు లెవల్‌ను శాశ్వత బెంచ్‌మార్క్‌తో (ఎత్తు ముందే తెలిసిన స్థిర బిందువుతో) ముడిపెట్టి, అదే ఎత్తున చెరువు చుట్టూ బిందువులు పట్టుకుంటూ వస్తుంది. వాటిని కలిపితే గీత. ఆ గీతను గ్రామ నక్ష మీద పరిచి, ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణం పోతుందో తేలుస్తారు. నీటిపారుదల, రెవెన్యూ అధికారులు సంతకాలు చేశాక ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరాలు, వాటి విచారణ, చివరగా తుది నోటిఫికేషన్.

గోల్‌మాల్ జరిగేది మొదటి మెట్టులోనే. హైదరాబాద్ చెరువులు ఎక్కువగా పళ్లెంలా పరచుకున్నవి. కట్టకు ఎదురుగా ఉన్న ఒడ్డు 200 మీటర్లకు ఒక మీటరు వాలుతో ఉందనుకుంటే, మత్తడిని ఒక్క అడుగు, అంటే 30 సెంటీమీటర్లు చెక్కేస్తే నీటి అంచు 60 మీటర్లు వెనక్కి జరుగుతుంది. ఎవరూ మట్టి పోయలేదు, గోడ కట్టలేదు. రాత్రికి రాత్రి నాలుగు రాళ్లు తీసేశారంతే. తర్వాత వచ్చిన సర్వే ఆ తగ్గిన అంచునే ప్రామాణికంగా తీసుకుంటే కబ్జాకు అధికారిక ముద్ర పడిపోయినట్టే. అందుకే పాత మత్తడి రాతి ఆనవాళ్లు, సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు, ఉపగ్రహ చిత్రాలు, పాత రెవెన్యూ రికార్డు ఖాస్రా పహాణీలో రాసిన శిఖం (చెరువు అడుగు భూమి) విస్తీర్ణం, వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడని సర్వేను నమ్మలేం.

దీనికి బఫర్ నిబంధన తోడవుతుంది. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల వరకు నిర్మాణాలు నిషిద్ధం. 10 హెక్టార్లలోపు చెరువులకు, కుంటలకు 9 మీటర్లే. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే ఇరువైపులా 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు వదలాలి. ఇప్పుడు కాగితం మీద లెక్కేద్దాం. 10 హెక్టార్ల చెరువు చుట్టుకొలత తక్కువలో తక్కువ 1.1 కిలోమీటరు, ఒడ్డు వంకరలతో 1.2 అనుకుందాం. 30 మీటర్ల బఫర్ దాదాపు 9 ఎకరాలవుతుంది. అదే చెరువును సర్వేలో 9.8 హెక్టార్లుగా తేలిస్తే బఫర్ 9 మీటర్లకు తగ్గి, మూడెకరాల లోపే మిగులుతుంది. హెక్టారులో ఐదో వంతు తేడాకు ఆరెకరాలకు పైగా భూమి నిషేధం నుంచి బయటపడుతుంది. ఎకరం పది కోట్లే అనుకున్నా అది 60 కోట్ల పైమాట. ఆ గీత గీసే సర్వేకు అయ్యే ఖర్చు లక్షల్లోనే ఉంటుంది. హెచ్ఎండీఏ పరిధిలో మూడు వేలకు పైగా చెరువులు, కుంటలు ఉంటే తుది నోటిఫికేషన్ల కోసం హైకోర్టు పదేపదే గడువులు పెట్టాల్సి వస్తోంది. ఖర్చుకు, దక్కే ఫలితానికి ఇంత వ్యత్యాసం ఉన్న పని ఈ రంగంలో ఇంకోటి లేదు. అయినా సర్వే బృందాల కొరతే అన్నిటికన్నా పాతది.

ఇందులో చిక్కుముడి ఒకటుంది. శిఖం భూమి అంతా సర్కారుదే కాదు. శిఖం పట్టాలున్నాయి, నీరు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు తప్ప కట్టడాలకు హక్కు లేనివి. బఫర్‌లో అయితే పట్టా భూములే ఎక్కువ. వాటిని సేకరించడానికి నగదు పరిహారం ఇచ్చే స్తోమత ఏ సంస్థకూ లేదు, అందుకే టీడీఆర్ పత్రం (వేరేచోట అదనంగా కట్టుకునేందుకు బిల్డర్లకు అమ్ముకోగల హక్కు) చేతిలో పెడతారు. బిల్డర్లకు టీడీఆర్ అవసరం ఉన్నప్పుడు దానికి ధర పలుకుతుంది, లేనప్పుడు చిన్న రైతు దగ్గర అది కాగితమే. నష్టపరిహారం దారి మూసుకుపోయినచోట రాజీలు, లంచాలు, కోర్టు స్టేలు దారులు వెతుక్కుంటాయి.

పూడిక కొలతల పుస్తకం (ఎంబుక్)లో ఎలా పెరుగుతుంది

చెరువు పనుల్లో పెద్ద అంకె పూడికతీతది, మోసానికి ఎక్కువ వీలున్నదీ అదే. 10 హెక్టార్ల చెరువులో సగటున అర మీటరు పూడిక తీయాలంటే 50,000 ఘనపు మీటర్లు. తవ్విన మట్టి వదులై పావు వంతు ఉబ్బుతుంది కాబట్టి లారీలకెక్కేది 62,500. ఒక టిప్పర్ 12 ఘనపు మీటర్లు మోస్తే 5,200 ట్రిప్పులు. ఏప్రిల్, మే నెలల్లో 60 రోజుల్లో పూర్తి చేయాలంటే రోజుకు 87 ట్రిప్పులు. నగరంలో పగలు లారీలకు ఆంక్షలున్నాయి గనుక ఆ ట్రిప్పుల్లో చాలావరకు రాత్రే జరగాలి. ఇన్ని ట్రిప్పులు వెళ్లిన రోడ్డు ఎలా ఉంటుందో ఆ వీధివాళ్లకు తెలుస్తుంది. రోడ్డు మీద బురద చుక్క లేకుండా ఎంబుక్‌లో 50,000 ఘనపు మీటర్లు ఎక్కితే అనుమానించాల్సిందే.

సరైన కొలత పద్ధతి ఇది: చెరువు ఎండాక పని మొదలయ్యే ముందు 10 మీటర్లకొక బిందువు చొప్పున లెవల్స్ తీయాలి. 10 హెక్టార్లకు వెయ్యి బిందువులు. పని అయ్యాక, తొలి వానకు ముందే, అవే బిందువుల్లో మళ్లీ తీయాలి. రెండింటి తేడాకే బిల్లు. ముందు లెవల్స్ సగటున 5 సెంటీమీటర్లు ఎక్కువ రాస్తే చాలు, 5,000 ఘనపు మీటర్లు పుట్టుకొస్తాయి. మొత్తం పనిలో అది పదో వంతు. టిప్పర్ల లెక్కతో బిల్లు కడితే ఉబ్బిన మట్టికి కూడా డబ్బిచ్చినట్టు. ఇక నీళ్లున్న చెరువులో తీసిన పూడికకు కొలత అంటే అంతా నోటిమాటే. నిధులు ఫిబ్రవరిలో విడుదలై, మార్చి 31కి మురిగిపోతాయన్న తొందరలో, మురుగుతో ఏడాదంతా నిండి ఉండే చెరువులో పని చూపించాల్సి వచ్చినప్పుడు ఇదే జరుగుతుంది.

2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో ఊళ్లలో పూడిక మట్టిని రైతులు తమ ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. ఖర్చులో పెద్ద భాగమైన రవాణా వాళ్లే భరించారు, ఎందుకంటే అది బలమైన ఒండ్రు. హైదరాబాద్‌లో ఆ లెక్క కుదరదు. దశాబ్దాలుగా ఇళ్ల మురుగు, పారిశ్రామిక వ్యర్థాలు కలిసిన ఈ బురదను పొలానికి ఎవరూ తీసుకోరు, తీసుకోకూడదు కూడా. పరీక్ష చేయించాలి, ఆరబెట్టే చోటు కావాలి, పారబోసే చోటు కావాలి. అంచనాల్లో ఈ మూడింటికీ సరైన మొత్తం వేయరు. చివరికి ఆ బురద కట్ట లోపలి వాలు మీదనే పరచుకుని, రెండో వానకు మళ్లీ చెరువులోకి జారుతుంది. అదే మట్టికి మళ్లీ టెండరు.

గుర్రపు డెక్కది ఇంకో లెక్క. పోషకాలు దండిగా ఉన్న మురుగులో, మన ఎండలో అది రెండు వారాల్లో రెట్టింపవగలదు. చెరువులో ఎనిమిదో వంతు వదిలేసి మిగతాదంతా శుభ్రం చేశారనుకుంటే, ఆరు వారాల్లో మళ్లీ నిండుతుంది. ఏడాదికొకసారి యంత్రం తెచ్చి తీయించడమంటే ఏడాదికొకసారి గడ్డం గీసుకోవడమే. నెలనెలా తీయాలి, లేదా మురుగు ఆపాలి. మురుగు ఆపడానికి పెద్ద ప్రయత్నమే జరిగింది: 2021లో రూ.3,866 కోట్లతో 31 కొత్త శుద్ధి ప్లాంట్లు, రోజుకు 1,259.5 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో మంజూరయ్యాయి. అయితే ప్లాంటు ఉన్నంత మాత్రాన చెరువుకు ఊరట రాదు. ఇన్‌లెట్ దగ్గర మురుగును మళ్లించే గోడ, దాని వెనక పైపు, పైపు ముందు జాలీ, ఈ మూడూ పనిచేయాలి. జాలీకి రెండు గోనెసంచులు, ఒక పరుపు అడ్డం పడితే చాలు, మురుగంతా గోడ దూకి చెరువులోకే వస్తుంది. వేల కోట్ల ప్రాజెక్టు చివరికి ఆ జాలీ దగ్గర గొర్రు పట్టుకుని నిలబడే మనిషి మీద ఆధారపడి ఉంటుంది.

టెండరు చివరి పేజీ

పని నడిచే తీరు అందరికీ తెలిసిందే: పరిపాలనా అనుమతి, అంచనా, సాంకేతిక అనుమతి, టెండరు, ఒప్పందం, ఎంబుక్, చెక్ మెజర్‌మెంట్ (పై అధికారి తనిఖీ కొలత), బిల్లు, టోకెన్ (చెల్లింపు క్యూలో బిల్లుకిచ్చే నంబరు). టెండరులో అంచనా మీద 5 శాతానికి మించి ఎక్కువ కోట్ చేస్తే ఒప్పుకోరు. 25 శాతం కన్నా తక్కువకు కోట్ చేస్తే ఆ తేడాకు బ్యాంకు గ్యారంటీ కట్టాలి. అందుకని పోటీ ఉన్న పనుల్లో కోట్ చేసే ధరలు అంచనాకు 25 శాతం తక్కువ దగ్గర కొట్టుమిట్టాడుతుంటాయి. టోకెన్ పడ్డాక డబ్బు ఎప్పుడొస్తుందో తెలియని కాంట్రాక్టరు ఆ తగ్గింపును ఎక్కడ రాబట్టుకుంటాడు? కంటికి కనిపించని చోట: కట్ట మట్టిని పొరపొరగా తడిపి రోలర్ తిప్పడంలో, కంచె స్తంభం కింద కాంక్రీటులో, మొక్కకు పోసే నీళ్లలో.

పని లోపాలకు బాధ్యత సాధారణంగా రెండేళ్లే. ఆ తర్వాత ఆస్తిని ఎవరికి అప్పగించారన్న పత్రం చాలా ఫైళ్లలో దొరకదు. అప్పగింత లేకపోతే నిర్వహణ పద్దు పుట్టదు. దీపం బ్యాటరీ చచ్చిపోతే కొత్తది కొనే ఖాతా లేదు, గేటుకు తాళం పోతే తాళం కొనే ఖాతా కూడా లేదు. కానీ అదే చెరువుకు ఐదేళ్ల తర్వాత సుందరీకరణ రెండో దశ పేరుతో కొత్త అంచనా వేయవచ్చు. వ్యవస్థ మరమ్మతును శిక్షిస్తుంది, పాడుబెట్టి మళ్లీ కట్టడానికి బహుమతి ఇస్తుంది.

కాపలా నిజంగా ఎంత ఖరీదు? రోజంతా ఒక మనిషి ఉండాలంటే మూడు షిఫ్టులకు ముగ్గురు, వారాంతపు సెలవులకు ఒకరు, మొత్తం నలుగురు. నెలకు 20 వేలు చొప్పున ఏడాదికి రూ.9.6 లక్షలు. జీహెచ్ఎంసీ లెక్కల్లో చెప్పుకొచ్చిన 185 చెరువులకూ ఒక్కో పోస్టు పెడితే ఏడాదికి రూ.17.76 కోట్లు. ఈ అంకె ఇక్కడే పెట్టి భూముల వేలం వైపు చూడాలి.

2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో హెచ్ఎండీఏ 45.33 ఎకరాలు వేలం వేసింది. వచ్చింది రూ.3,319.60 కోట్లు, ఒక ప్లాటులో ఎకరం రూ.100.75 కోట్లు పలికింది. పైన చెప్పిన కాపలా ఖర్చు ఏటా 7 శాతం వడ్డీ మీదనే రావాలంటే దాదాపు రూ.254 కోట్ల మూలనిధి కావాలి. ఆ వేలం సగటు ధరకు అది మూడున్నర ఎకరాలు. జీతాలు పెరుగుతాయి గనుక ఐదెకరాలు వేసుకోండి. ఒక్క వేలంలో తొమ్మిదో వంతు పక్కన పెడితే ఆ 185 చెరువులన్నిటికీ నీరటి మళ్లీ వచ్చేవాడు. అమ్మిన భూమి ప్రభుత్వానిదే, కాపాడాల్సిందీ ప్రభుత్వ భూమే. ఈ రెండింటినీ కలిపే నిబంధన మాత్రం లేదు. వేలం డబ్బు సాధారణ ఖర్చుల్లో కలిసిపోతుంది. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపాల్సి వచ్చింది. దాని వెనకా ఇదే ఆర్థికం ఉంది: రెవెన్యూ రికార్డులో అడవి అని రాయని భూమి, దాని మీద ఎంత చెట్టు పెరిగినా, ఖజానా కంటికి అమ్ముడుపోని స్టాకే.

అడవికి డబ్బుంది, రుతువు దాటాక వస్తుంది

నోటిఫై అయిన అడవి పరిస్థితి దీనికి భిన్నం. అక్కడ కంపా ఉంది. అటవీ భూమిని ప్రాజెక్టులకు మళ్లించినప్పుడు వసూలు చేసే సొమ్ము అది. దీనికోసం చేసిన 2016 చట్టం 2018 సెప్టెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 90 శాతం రాష్ట్రానికి, 10 శాతం జాతీయ నిధికి. 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు బదిలీ చేసిన రూ.47,436 కోట్లలో తెలంగాణ వాటా సుమారు రూ.3,110 కోట్లు. ఈ నిధికి మార్చి 31 భయం లేదు. పబ్లిక్ ఖాతాలో ఉంటుంది, వడ్డీ వస్తుంది, మురిగిపోదు. రెగ్యులర్ ఉద్యోగుల జీతాలకు వాడకూడదన్న కట్టడి కూడా ఉంది. చెరువులకు లేని భాగ్యం ఇది.

అయినా మొక్కలు ఎండుతున్నాయంటే కారణం క్యాలెండర్. వార్షిక ప్రణాళిక రాష్ట్ర కార్యనిర్వాహక కమిటీ దగ్గర మొదలై, స్టీరింగ్ కమిటీ దాటి, ఢిల్లీ ఆమోదం తెచ్చుకుని, మళ్లీ రాష్ట్ర బడ్జెట్ విడుదల ఉత్తర్వు కోసం ఎదురుచూస్తుంది. మొక్కకు ఈ మెట్లతో పనిలేదు. నర్సరీలో విత్తనం జనవరి, ఫిబ్రవరిలో పడాలి. గుంతలు ఏప్రిల్, మేలో తీసి ఎండకు కాగనివ్వాలి. జూన్ చివరి వానకు నాటాలి. సెప్టెంబరులో కలుపు, నవంబరులో పాదు, జనవరిలోగా అగ్నిరేఖలు (మంట పాకకుండా శుభ్రం చేసే దారులు). నిధుల విడుదల అక్టోబరులో వస్తే అప్పటికి గుంతే లేదు. ఉన్నా నాటిన మొక్క వేరు దిగకముందే వేసవి వచ్చేస్తుంది.

నగరం చుట్టూ నేల ఎర్ర గరుసు, అడుగడుగునా గ్రానైట్. 45 సెంటీమీటర్ల గుంత అంటే దాదాపు 90 లీటర్ల మట్టి. ఎత్తు మొక్కకు 60 సెంటీమీటర్లు తవ్వాలి, అంటే 216 లీటర్లు. ఎంబుక్‌లో రెండోది, నేలలో మొదటిది కూడా కాకపోవడం మామూలే. వెయ్యి మొక్కలకు వారానికొకసారి 15 లీటర్లు పోస్తే మూడు 5,000 లీటర్ల ట్యాంకర్లు. ఫిబ్రవరి నుంచి జూన్ మొదటి వారందాకా 18 వారాలకు 54 ట్యాంకర్లు, అలా కనీసం మూడేళ్లు. మొక్క ఖరీదు, నాటే కూలి ఒకసారి పెట్టే ఖర్చు; మొక్కను బతికించేది ఆ ట్యాంకర్ల బిల్లు.

మళ్లించిన అడవికి కట్టే నికర వర్తమాన విలువ 2022 జనవరిలో సవరించాక హెక్టారుకు రూ.9.57 లక్షల నుంచి రూ.15.95 లక్షల వరకు. అంతకు ముందు 2008 నాటి రేట్లు నడిచాయి. కాళేశ్వరానికి 3,168 హెక్టార్ల అడవి పోయింది ఆ పాత రేట్ల కాలంలోనే. ఒక హెక్టారు దట్టమైన అడవి విలువ నగర శివారులో చిన్న ఫ్లాటు ధరకు కూడా రాదు. విలువ ఇంత తక్కువగా కట్టినప్పుడు అడవిని తప్పించి రోడ్డును మళ్లించాలన్న ఆలోచన ఇంజినీరుకు ఎందుకు వస్తుంది?

స్థానిక సంస్థల గ్రీన్ బడ్జెట్ కాగితం మీద చాలా మంచి ఏర్పాటు. 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపాలిటీల చట్టం, 2020 జీహెచ్ఎంసీ సవరణ, మూడూ బడ్జెట్లో 10 శాతం పచ్చదనానికి పెట్టి, నాటిన మొక్కల్లో 85 శాతం బతికించాలన్నాయి. హరితనిధి పేరుతో ఉద్యోగుల జీతం నుంచి నెలకు రూ.25, భూముల రిజిస్ట్రేషన్‌కు రూ.50, కాంట్రాక్టు బిల్లుల్లో 0.01 శాతం వసూలు పెట్టారు. చిక్కంతా నిర్వచనంలో ఉంది. పార్కు గేటు, గ్రిల్, గోడ మీద బొమ్మలు కూడా పచ్చదనం పద్దులో దూరిపోతాయి. 85 శాతం బతికాయో లేదో లెక్కించేది నాటించిన విభాగమే. మూడో ఏడాది మేలో, బయటివారు, గుంతల వరుస పట్టుకుని లెక్కిస్తేనే ఆ శాతానికి అర్థం.

కాలనీ సంఘాలు అడగాల్సినవి కూడా ఇక్కడి నుంచే పుడతాయి. సుందరీకరణ ఎప్పుడు అని అడిగితే ఫలకం వస్తుంది. సమాచార హక్కు కింద రూ.10 ఫీజుతో ఈ నాలుగు అడగాలి: మత్తడి పైఅంచు లెవల్ ఎంత, దాన్ని ఏ బెంచ్‌మార్క్ నుంచి తీశారు; ఎఫ్‌టీఎల్ నక్ష సర్వే నంబర్లతో సహా; పూడికతీత ముందూ తర్వాతా తీసిన లెవల్ షీట్లు; పని పూర్తయ్యాక ఆస్తి ఏ విభాగానికి, ఏ తేదీన అప్పగించారు. 30 రోజుల్లో జవాబు రావాలి. నాలుగో ప్రశ్నకు జవాబు లేకపోతే వచ్చే బడ్జెట్లో ఆ చెరువుకు నిర్వహణ పద్దు అడిగే ఆధారం దొరికినట్టే. నగరపాలక సంస్థ ముసాయిదా బడ్జెట్ చలికాలంలోనే తయారవుతుంది. అందుకని అర్జీ దసరా లోపు పడాలి. మార్చిలో పడితే అప్పటికి మిగిలేది టోకెన్ల క్యూ మాత్రమే.